కర్ర చేతిలోనే ఉండాలి, చెవులు తెరిచే ఉండాలి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చూపు లేనివారు ఒంటికి తగిలించుకునే శబ్ద సాధనాల గురించి గత సంచికలో ఒక చిన్న పరిచయం ఇచ్చాం. ఎదురుగా గోడో కొమ్మో వస్తే బీప్‌మని హెచ్చరించే పరికరాలు, నడుస్తుంటే దారి చెప్పే ఫోన్ యాప్‌లు ఇందులోకి వస్తాయి. దాని మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకే సందేహం ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి గ్లకోమా వల్ల రెండు కళ్లూ పోయాయి. తెల్లకర్రతో బజారుకి ఒక్కరే వెళ్లొస్తారు. కాళ్లకి ఏమీ తగలవు గానీ, దెబ్బలన్నీ నుదుటికే. పాకల చూరు, షాపుల ముందు దించిన రేకులు, లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు. బీప్ కొట్టే పరికరం కొనిస్తే ఇక కర్ర అక్కర్లేదా? ఎలాంటిది కొనాలి?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: కర్ర అక్కర్లేదని ఏ దుకాణదారు చెప్పినా నమ్మకండి. ఈ పరికరాలు మనకి వినపడని ధ్వనిని ముందుకి పంపి, అది దేనికైనా తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడతాయి. ధ్వని తిరిగి రాకపోతే "ముందు ఖాళీ" అని ఊరుకుంటాయి. మూత లేని మురుగు కాలువ ఎదురైనా ధ్వని తిరిగి రాదు. అంటే ఖాళీ రోడ్డుకీ, గోతికీ ఆ పరికరం దగ్గర ఒకటే జవాబు: మౌనం. గొయ్యి, మెట్టు, కాలువ గట్టు చెప్పాల్సింది కర్రే. పరికరం పని నడుము పైనుంచి మొదలవుతుంది. మీ నాన్నగారికి దెబ్బలు తగులుతున్నదీ అక్కడే కాబట్టి, కర్రకి తోడుగా ఆయనకి ఇది నిజంగా పనికొస్తుంది.

దొరికేవాటిలో ముఖ్యంగా రెండు రకాలు. కర్ర పిడికి బిగించేది ఒకటి. ఐఐటీ ఢిల్లీలో రూపొంది 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ ఈ కోవలోది. అది బీప్ కొట్టదు, పిడిలో కంపనంతో చెబుతుంది. 1.8 మీటర్లు, 3 మీటర్లు అని రెండు దూరాలకి మార్చుకోవచ్చు. రెండో రకం ఛాతీకో కళ్లజోడుకో తగిలించుకుని బీప్ వినేది. ఏళ్లుగా కర్ర అలవాటైన మనిషికి మొదట పిడికి బిగించేదే ఇవ్వమని మా సలహా. కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ, చెవి మీద భారం ఉండదు. ఒక్క జాగ్రత్త: పిడి చేతిలో తిరిగిపోతే సెన్సారు పక్క గోడల్నే చూస్తుంది. బొటనవేలు ఎప్పుడూ ఒకేచోట ఆనేలా పిడి మీద ఒక గుర్తు, కాస్త మందపాటి టేపు ముక్క అయినా సరే, అంటించండి.

కొనేముందు ఇంటి దగ్గరే పరీక్షించండి. ఎదురుగా గోడని ఏ పరికరమైనా పట్టేస్తుంది, దాన్ని చూసి మోసపోకూడదు. ఒక రేకుని ఏటవాలుగా నిలబెట్టి చూడండి. తాడు మీద చీర ఆరేసి చూడండి. గడ్డిమోపు వేలాడదీసి చూడండి. వేలంత కడ్డీని కొన మీకేసి ఉండేలా పట్టుకుని చూడండి. చాలా పరికరాలు వాడే 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 8.6 మిల్లీమీటర్లు. ఎగుడుదిగుడులు అంతకన్నా చిన్నవిగా ఉన్న నున్నటి రేకు దానికి అద్దం లాంటిది. ఏటవాలుగా ఉంటే ధ్వనిని ఇంకెటో విసిరేస్తుంది, మనవైపు పంపదు. గడ్డీ, బట్టా ధ్వనిని చాలావరకు మింగేస్తాయి. కడ్డీ కొన మీటరు లోపలికి వచ్చాక దొరికితే దొరికినట్టు. కరెంటు స్తంభాల స్టే వైరు కూడా అంతే. దెబ్బలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవని నాన్నగారికి ముందే చెప్పండి.

అందుకే చూరులున్న సందులోకి వెళ్లేటప్పుడు కర్ర లేని చేతిని మోచెయ్యి దగ్గర వంచి, ముంజేతిని నుదుటికి అడ్డంగా, జానెడు దూరంలో, అరచెయ్యి బయటికి ఉండేలా పట్టుకోమనండి. నడక శిక్షణలో మొదట నేర్పేవాటిలో ఇదొకటి. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, పాక చూరుని పరికరం కన్నా నమ్మకంగా పట్టేస్తుంది.

ప్రశ్న: మేం పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం విద్యార్థులం. ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, ధ్వనితో దూరం కొలిచే హెచ్‌సి-ఎస్‌ఆర్04 సెన్సారుతో నడుముకి కట్టుకునే బెల్టు చేశాం. ల్యాబులో చక్కగా పనిచేసింది. కోట జంక్షన్ వైపు తీసుకెళ్తే మాత్రం ఊరికే కూస్తూనే ఉంటుంది, కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. సెన్సారు మార్చాలా?
– విద్యార్థుల బృందం, విజయనగరం

జవాబు: సెన్సారు మంచిదే. దాన్ని కట్టిన చోటు బాగోలేదు.

నడుము ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. నడుస్తున్నప్పుడు పొట్ట కదిలి, బెల్టు వదులై సెన్సారు 20 డిగ్రీలు కిందికి వాలితే చాలు, అది చూసే శంకువు ఆకారపు మేర కింది అంచు 2 మీటర్ల లోపే నేలకి తగులుతుంది. ల్యాబులో నున్నటి టైల్సు కాబట్టి ధ్వని ముందుకి జారిపోయింది, మీకు తెలియలేదు. బయట కంకర తేలిన రోడ్డు ధ్వనిని అన్ని వైపులకీ చిమ్ముతుంది, కొంత వెనక్కి వస్తుంది. మీ బెల్టు అరిచింది రోడ్డుని చూసి.

పైగా నడుము దగ్గర కట్టడం వల్ల ప్రయోజనం తక్కువ. ఆ ఎత్తులో ఉన్నవాటికి చాలావాటికి కిందకంటా ఆధారం ఉంటుంది, కర్రకి ముందే దొరుకుతాయి. సెన్సారుని ఛాతీ ఎముక మీదికి తీసుకెళ్లండి. స్కూలు బ్యాగు పట్టీల్లాంటివి రెండు భుజాల మీదుగా వేసి, మధ్యలో అడ్డపట్టీ కుట్టి, దాని మీద డబ్బా బిగించండి. ఒక్క పట్టీ మెడలో వేలాడదీస్తే ఊగుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు, సెన్సారు 120 సెంటీమీటర్ల దగ్గర ఉంది. దాని చూపు మొత్తం 15 డిగ్రీలు. అంటే 2 మీటర్ల దూరంలో అది 94 నుంచి 146 సెంటీమీటర్ల ఎత్తు వరకే చూస్తుంది. తల మొత్తం దాని చూపుకి పైన మిగిలిపోయింది! అందుకని రెండో సెన్సారు కావాలి. దాన్ని అక్కడే, 15 డిగ్రీలు పైకి వంచి బిగించండి. 2 మీటర్ల దగ్గర అది 146 నుంచి 203 వరకు చూస్తుంది. మొదటిది వదిలేసిన చోట ఇది అందుకుంటుంది. అయితే ఒక మీటరు దగ్గరికొచ్చేసరికి ఇది చూసేది 133 నుంచి 161 వరకే. నెత్తికి తగిలే కొమ్మ అప్పటికే చూపు దాటిపోతుంది. కాబట్టి తల సెన్సారు మొదటి హెచ్చరిక 2 మీటర్ల దగ్గరే రావాలి, ఒకసారి వచ్చిన హెచ్చరికని ఒక సెకను పాటు నిలిపి ఉంచాలి. చాలా ప్రాజెక్టుల్లో ఇది చెయ్యరు. బీప్ వచ్చి, ఆగిపోయి, "పోయిందిలే" అని అడుగేసేసరికి కొమ్మ తగులుతుంది.

రెండు సెన్సార్లనీ ఒకేసారి మోగించకండి. ఒకదాని ప్రతిధ్వని రెండోది వింటుంది. ఒకటి పంపాక 60 మిల్లీసెకన్లు ఆగి రెండోది పంపండి. ప్రతి సెన్సారుకీ మూడు కొలతలు తీసుకుని, మధ్యలోది వాడండి. లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమన్నప్పుడు వచ్చే దొంగ కొలతలు దీంతో చాలావరకు పోతాయి. అయిదు తీసుకుంటే ఇంకా బాగుంటుందనుకోకండి. రెండు సెన్సార్లతో మూడేసి కొలతలకే 0.36 సెకను పడుతుంది. సెకనుకి మీటరు నడిచే మనిషి ఆలోగా 36 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతాడు. అయిదేసి అయితే 60.

ప్రోగ్రాములో ప్రతిధ్వని కోసం ఆగి చూసే పల్స్‌ఇన్ ఫంక్షన్‌కి గడువు ఇచ్చారా? ఇవ్వకపోతే ప్రతిధ్వని రానప్పుడు అది ఒక సెకను దాకా ఎదురుచూడగలదు, అంతసేపూ పరికరం గుడ్డిదే. 15,000 మైక్రోసెకన్ల గడువు ఇవ్వండి, రెండున్నర మీటర్లకి అది చాలు. దూరానికి మైక్రోసెకన్లని 58తో భాగించే సూత్రం సుమారు 23 డిగ్రీల ఉష్ణోగ్రతకి సరిపోతుంది. మన మే నెల ఎండలో, 38 డిగ్రీల దగ్గర, ధ్వని వేగం పెరిగి 2 మీటర్లకి 5 సెంటీమీటర్ల తేడా వస్తుంది. దానికోసం ఉష్ణోగ్రత సెన్సారు పెట్టి డబ్బూ బరువూ పెంచొద్దు.

దానంతటదే ఆగిపోవడానికి కారణం, మీరు పవర్ బ్యాంకు వాడుతుంటే, అదే అయ్యుంటుంది. లాగే కరెంటు మరీ తక్కువైతే ఫోన్ తీసేశారనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే కట్టేసుకుంటాయి. మీ పరికరం మొత్తం లాగేది 70 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కలే. పవర్ బ్యాంకుకి బదులు 2,500 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్ ఒకటి, రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 చార్జింగ్ బోర్డు ఒకటి, వోల్టేజీని 5 వోల్టులకి పెంచే బూస్ట్ కన్వర్టర్ ఒకటి పెట్టండి. సుమారు 20 గంటలు నడుస్తుంది. 5 వోల్టుల లైను మీద, సెన్సార్ల దగ్గర్లో, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వెయ్యండి. ఆన్ చేసినప్పుడు ఒక బీప్, బ్యాటరీ తగ్గినప్పుడు వేరే రకం బీప్ తప్పనిసరి. లేకపోతే పరికరం చచ్చిపోయిందో, దారి ఖాళీగా ఉందో ఆ మనిషికి తెలిసే మార్గమే లేదు.

శబ్దం విషయానికొస్తే, ఒకే కూత కూసే యాక్టివ్ బజర్ తీసేసి, మనం ఇచ్చిన స్వరం పలికే పాసివ్ బజర్ గానీ, 220 ఓంల రెసిస్టర్‌తో చిన్న 8 ఓంల స్పీకరు గానీ పెట్టండి. ఛాతీకి 500 హెర్ట్జ్, తలకి 1,200 హెర్ట్జ్. అడ్డంకి 2 మీటర్ల కన్నా దూరంగా ఉన్నంతసేపూ పూర్తి మౌనం. అక్కడినుంచి ఒకటిన్నర వరకు సెకనుకి ఒక బీప్, మీటరు వరకు మూడు, 60 సెంటీమీటర్ల వరకు ఆరు, ఇంకా దగ్గరైతే ఆగని మోత. ఒక్కో బీప్ 40 మిల్లీసెకన్లు చాలు. స్పీకరు కాలర్ దగ్గర, ఒక చెవి కింద ఉంటే వాడేవారికే వినపడుతుంది.

ఇంకోటి. మీలో ఎవరికైనా కళ్లకి గంతలు కట్టి పరీక్షించి సరిపెట్టుకోవద్దు. గంతలు కట్టుకున్నవాళ్లు చేతులు చాచుకుని అంగుళం అంగుళం నడుస్తారు. నిజంగా చూపు లేనివారు కర్రతో మామూలు వేగంతో నడుస్తారు, అప్పుడే తప్పులు బయటపడతాయి. వాళ్లతో నడిపించేటప్పుడు పక్కనే ఒకరు ఉండండి. ఆడవాళ్లతో కూడా పరీక్షించండి. పైట కొంగు సెన్సారు మీద పడితే అది ఆగకుండా మోగుతుంది. వారికి డబ్బాని ఛాతీ మధ్యలో కాక, కొంగు వెయ్యని భుజం పట్టీ మీద పెట్టాలి. మగవాళ్ల కండువాతోనూ ఇదే తంటా.

ప్రశ్న: బీప్‌లు ఫోన్ నుంచి బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌కి వచ్చేలా పెట్టుకున్నాను. చెవిలో పెట్టుకుంటే బయటి చప్పుడు తగ్గి బీప్ స్పష్టంగా ఉంది. ఇలా వాడొచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దు. బీప్ స్పష్టంగా వినపడటం కోసం మీరు వదులుకుంటున్నది చాలా పెద్దది. గోడ పక్కన నడుస్తుంటే అది ఎక్కడ ఆగి సందు మొదలైందో, ఆటో ఏ పక్కనుంచి వస్తోందో, దుకాణం తలుపు తెరిచి ఉందో లేదో, అవన్నీ చెప్పేది మీ చెవులే. పరికరం చెప్పేది ఒక్క ముక్క, చెవి చెప్పేది ఊరంతా.

చెవి రంధ్రం మూయని హెడ్‌ఫోన్లు ఉన్నాయి. చెవికి ముందు, చెంప ఎముక మీద ఆని, ఎముక ద్వారా ధ్వనిని పంపుతాయి. వాడితే అవే వాడండి, అవీ గట్టిగా పెట్టకండి. చెవి తెరిచే ఉన్నా లోపల గట్టి శబ్దం మోగుతుంటే బయటి మెల్లటి శబ్దాన్ని అది కప్పేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో సన్నగా వినపడేంత పెట్టుకుని, బజారులో ఒక్క మెట్టు పెంచండి, అంతే. బయటి శబ్దాన్ని మైకుతో లోపలికి పంపే ఇయర్‌ఫోన్లు ఇందుకు బదులు కావు. శబ్దం వస్తుంది గానీ ఏ దిక్కు నుంచో సరిగ్గా పోల్చుకోలేరు.

అడ్డంకి బీప్‌కి బ్లూటూత్ ఇంకో కారణం వల్ల కూడా పనికిరాదు. మామూలు బ్లూటూత్‌లో 0.15 నుంచి 0.25 సెకను ఆలస్యం ఉంటుంది. దానికన్నా ప్రమాదం, కాసేపు శబ్దం లేకపోతే చాలా ఇయర్‌ఫోన్లు నిద్రలోకి జారుకుంటాయి, మళ్లీ లేచేలోగా మొదటి బీప్‌ని మింగేస్తాయి. మీకు కావలసింది ఆ మొదటిదే. బీప్‌కి వైరు లేదా భుజం మీద స్పీకరు, దారి చెప్పే మాటలకి బ్లూటూత్, ఇలా విడదీసుకోండి. అడ్డంకిని మాటల్లో చెప్పించే ఆలోచన ఉంటే అదీ మానండి. "ఎదురుగా ఒకటిన్నర మీటరు దూరంలో అడ్డంకి" అనడం పూర్తయ్యేలోపు మీరు ఆ ఒకటిన్నర మీటరూ నడిచేసి ఉంటారు.

ప్రశ్న: మా గుంటడికి పన్నెండేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. నాలికతో టక్కు టక్కుమని చప్పుడు చేసి, అక్కడ గోడుంది, ఇక్కడ తలుపు తీసుంది అని చెప్పేస్తన్నాడు. బళ్లో మేస్టారు బాగోదు, మాన్పించమంటన్నారు. ఏటి చెయ్యమంటారండి?
– ఒక తల్లి, గజపతినగరం

జవాబు: మాన్పించకండమ్మా. మీ బాబు తనంతట తాను నేర్చుకున్నది, పెద్ద పెద్ద పరికరాలు చెయ్యాలని చూస్తున్న పనే. చప్పుడు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదుట ఏముందో పోల్చుకుంటున్నాడు. అమెరికాలో డేనియల్ కిష్ అనే ఆయన పదమూడు నెలల వయసుకే కంటి క్యాన్సర్ వల్ల రెండు కళ్లూ పోగొట్టుకుని, ఇలాగే నాలుక చప్పుడుతో తిరగడం నేర్చుకున్నారు. తరవాత ఎంతోమందికి నేర్పుతున్నారు. ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పది వారాల శిక్షణ ఇచ్చి చూసి, పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్లకి కూడా ఇది పట్టుబడుతుందని 2021లో ప్రచురించారు. మేస్టారికి ఈ సంగతి చెప్పండి. ఇది అల్లరి చప్పుడు కాదు, దారి వెతుక్కునే పద్ధతి.

ఇంట్లో రోజూ పది నిమిషాలు సాధన చేయించండి. బాబుని నడవలో కూర్చోబెట్టి, మొహానికి జానెడు దూరంలో స్టీలు పళ్లెం పట్టుకుని చప్పుడు చెయ్యమనండి. తరవాత పళ్లెం తీసేసి చెయ్యమనండి. ఉందో లేదో పదికి ఎనిమిదిసార్లు సరిగ్గా చెబుతుంటే మూరెడు దూరానికి జరపండి. అదీ వచ్చాక పళ్లేన్ని ఎడమకో కుడికో పట్టుకుని ఏ పక్కనుందో అడగండి. ఆపైన పళ్లేనికి బదులు దిండు పట్టుకోండి. మెత్తని వస్తువు ప్రతిధ్వని ఎంత తక్కువో తనకే తెలుస్తుంది. మీరు పళ్లెం కదిపేటప్పుడు గాజుల చప్పుడు, చీర చప్పుడు వినపడకుండా చూసుకోండి, లేకపోతే వాడు వాటిని పట్టుకుని చెప్పేస్తాడు. చప్పుడు పొట్టిగా, పదునుగా ఉండాలి. నాలుక కొసని పైపళ్ల వెనక అంగిలికి ఆనించి ఒక్కసారి కిందికి లాగాలి. గట్టిగా అక్కర్లేదు. గదిలో మెల్లగా, ఆరుబయట కాస్త గట్టిగా.

మోకాలి కంటే కింద ఉన్నవీ, గోతులూ దీనికి దొరకవు. పన్నెండేళ్లంటే తెల్లకర్ర చేతికి రావలసిన వయసు దాటింది. నేల మీద నిలబెడితే రొమ్ము ఎముక కింది అంచు దాకా వచ్చే కర్ర తీసుకోండి. బాబు ఎదిగే కొద్దీ ఏడాదికోసారి కొలత చూసి మార్చండి.

ప్రశ్న: ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, చెప్పినట్టే నడుస్తున్నాను. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరికొచ్చేసరికి తికమక. ఒక్కోసారి "గమ్యం చేరారు" అంటుంది, నేనేమో రోడ్డుకి ఇవతల ఉంటాను.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఆకాశం బాగా కనపడే చోట కూడా ఫోన్‌లోని జీపీఎస్ తప్పు 5 మీటర్ల దాకా ఉంటుంది. పక్కన ఎత్తు భవనాలుంటే ఇంకా ఎక్కువ. రోడ్డుకి ఇవతలో అవతలో చెప్పడానికి ఆ 5 మీటర్లే అడ్డం. ఇది యాప్ మార్చితే పోయే లోపం కాదు.

దిక్కు తప్పడం మాత్రం కొంత సరిచేసుకోవచ్చు. నిలబడి ఉన్నప్పుడు మీరు ఎటు తిరిగారో ఫోన్‌కి తెలిసేది దిక్సూచితో, నడుస్తున్నప్పుడు జీపీఎస్‌తో. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవరు దిక్సూచిని చెడగొడుతుంది, ముందు దాన్ని తీసెయ్యండి. యాప్ మొదలుపెట్టాక తిన్నగా పదిహేను ఇరవై అడుగులు నడిచి, ఆ తరవాత వచ్చిన మాటనే నమ్మండి. అయిదారు రోడ్లు కలిసే చోట "కాస్త కుడికి తిరగండి" అనే మాటకి అర్థమే లేదు. అలాంటి చోటు కోసం చూపున్నవారితో ఒకసారి నిదానంగా నడిచి, ప్రతి రోడ్డు మొదట్లోనూ చేతికి, చెవికి, ముక్కుకి దొరికే గుర్తు ఒకటి ఎంచుకుని, ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి. బేకరీ వాసన, జనరేటర్ చప్పుడు సాయంత్రానికి ఉండకపోవచ్చు. పేవ్‌మెంట్ వాలు, ఇనుప గ్రిల్లు, స్తంభం లాంటివి ఎప్పుడూ ఉంటాయి.

గమ్యం ఉన్న దిక్కు నుంచే చప్పుడు వస్తున్నట్టు వినిపించే యాప్‌లూ ఉన్నాయి. 2018లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన సౌండ్‌స్కేప్ ఇలాంటిదే. 2023లో ఆ సంస్థ దాన్ని ఆపేసి, ప్రోగ్రామును అందరికీ ఇచ్చేసింది. దాని ఆధారంగా వాయిస్‌విస్టా లాంటివి ఐఫోన్‌లో నడుస్తున్నాయి. ఇవి అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడతాయి. మీ వీధి అందులో లేకపోతే యాప్ ఏమీ చెప్పదు. ఇంట్లో చూపున్నవాళ్లెవరైనా ఉచితంగా ఖాతా తెరిచి మీ వీధి, గుడి, మందుల షాపు, బస్సు స్టాపు అందులో చేర్చొచ్చు. ఒక ఆదివారం పూట పని, మీ ఒక్కరికే కాదు, ఆ వీధిలో నడిచే అందరికీ పనికొస్తుంది.

రోడ్డు దాటడానికి మాత్రం యాప్‌నీ, బీప్‌నీ దేన్నీ నమ్మకండి. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, మీ పరికరం చూసే 2 మీటర్లనీ పావు సెకనులో దాటేస్తుంది. బీప్ వినేసరికి ఆలస్యమైపోతుంది. ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు మెల్లగా వస్తే చెవికీ దొరకవు. పక్కవారి మోచెయ్యి అడిగి పట్టుకుని దాటండి.

ప్రశ్న: కెమెరాలో కనపడేదాన్ని శబ్దంగా మార్చే యాప్ ఉందట. దాంతో చూడొచ్చంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ఉంది. పేరు "ద వాయిస్". నెదర్లాండ్స్‌కి చెందిన పీటర్ మేయర్ 1992లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఆండ్రాయిడ్‌లో ఉచితం. బొమ్మని ఎడమనుంచి కుడికి ఒక సెకనులో ఊడ్చి వినిపిస్తుంది. ఎత్తున ఉన్నది సన్నటి స్వరం, కింద ఉన్నది బొంగురు స్వరం, వెలుతురున్నది గట్టిగా, చీకటిది మెల్లగా. కిటికీ, ట్యూబులైటు, తెల్లగోడ మీద నల్ల తలుపు లాంటివి కొన్ని రోజుల్లోనే పోల్చుకోవచ్చు. జనం తిరిగే బజారు బొమ్మ మాత్రం శబ్దాల గజిబిజి. దాన్ని విడదీసుకోవడానికి నెలల సాధన కావాలి, అంతసేపూ చెవులు దానికే అప్పగించాలి. ఇంట్లో కూర్చుని సాధన చెయ్యండి, రోడ్డు మీద వద్దు.

ప్రశ్న: మాది సముద్రపు ఒడ్డు. వానొచ్చినా, ఉప్పుగాలి కొట్టినా సెన్సారు పాడైపోతోంది. మూడోది కొన్నాను.
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: హెచ్‌సి-ఎస్‌ఆర్04 ముందుభాగంలో రెండు జల్లెడ గుండీలుంటాయి. వాటిలోకి నీటి చుక్క వెళ్తే ధ్వని బయటికి రాదు. ప్లాస్టిక్ కాగితం చుడితే దానికే తగిలి ధ్వని వెనక్కొస్తుంది, ఎప్పుడూ అడ్డంకే చూపిస్తుంది. మీరు జెఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టి అనే నీటికి తట్టుకునే సెన్సారుకి మారండి. కారు వెనక బంపర్లో ఉండే రకం, ఒకే గుండీ, పొడుగు వైరు. దానికి 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపలివి కనపడవు, నడకకి అదేమీ లోటు కాదు. సర్క్యూట్ బోర్డు మాత్రం నీటికి తట్టుకోదు, దాన్ని మూసిన డబ్బాలో పెట్టండి. టంకం వేసిన చోట్ల పారదర్శకంగా ఉండే గోళ్ల రంగు రెండు పూతలు పూస్తే ఉప్పు తుప్పు బాగా తగ్గుతుంది. గుండీ మీద మాత్రం పడనివ్వకండి.

లేజరు సెన్సారుకి మారమని ఎవరైనా అంటే, ముందు ఎండలో పరీక్షించండి. చవగ్గా దొరికే వీఎల్53ఎల్0ఎక్స్ గదిలో బాగానే పనిచేసినా, ఇసక మీద మిట్టమధ్యాహ్నపు వెలుగులో మీటరు దూరం కూడా చూడలేదు.

ప్రశ్న: మా మావయ్యకి డెబ్బై దాటాయి. చూపు పోయింది, చెవీ కొంచెం మందం. బీప్ వినపడటం లేదంటున్నారు. ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: వయసుతో ముందు పోయేది సన్నటి, ఎత్తు స్వరాల వినికిడి. చవక బజర్లు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య కూస్తాయి, పెద్దవాళ్లకి చిక్కు అక్కడే. బీప్‌ని 500 నుంచి 1,000 హెర్ట్జ్‌లోకి దించి చూడండి. ఒక చెవి బాగా మందమైతే ఎడమ కుడి శబ్దాలతో దిక్కు చెప్పే పరికరాలు పనికిరావు, కంపనం ఇచ్చేవే తీసుకోవాలి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి యంత్రం పెట్టించాక బీప్‌తో అవసరమే తగ్గొచ్చు.

సహాయానికి ముందు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. సచివాలయంలో స్లాట్ బుక్ చేస్తారు. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉండాలి. ఆ సర్టిఫికెట్, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫొటోలతో జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. కేంద్రం అడిప్ పథకం కింద కాన్పూర్‌లోని అలింకో సంస్థ తయారుచేసి, సమకూర్చే సాధనాలు శిబిరాల్లో ఇస్తారు. స్మార్ట్‌కేన్ కావాలని పేరు పెట్టి అడగండి, లేకపోతే మామూలు మడతకర్ర చేతిలో పెట్టి పంపొచ్చు. కొద్దిగానైనా చూపు మిగిలి ఉంటే, విశాఖలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి జి.ఎం.ఆర్. వరలక్ష్మి ప్రాంగణంలో పునరావాస విభాగం ఉంది, అక్కడ చూపించండి. శిబిరంలో పరికరం తీసుకున్నాక అక్కడే పెట్టె విప్పించి, చార్జరు పనిచేస్తోందో చూసి, కంపనం మావయ్య చేతికి తెలుస్తోందో లేదో ఆయన్నే అడిగి, ఆ తరవాతే సంతకం పెట్టండి.